పాతర ఊపిరి

రేగుళ్లపాడు,
అశ్వారావుపేట మండలం.
10 జూన్ 2004

ప్రియమైన జహూర్‌కు,

నీ స్నేహితుడు జోయెల్ వందనాలు. సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల్ని సాకే పని దొరికి వెళ్లావని మీ ఇంటావిడ ఖుద్సియా వైరా బస్టాండులో కనబడి చెప్పింది. నాకు ఒక్క ముక్క రాయకుండా పోయావు. ఇరవై ఏళ్లు వైరాలో చేప పిల్లల్ని సంచుల్లో కట్టిన చేతులకు రొయ్యలు ఒక లెక్క కాదులే.

నా సంగతి నీకు తెలిసిందే. ఆరు రోజులు పామాయిల్ తోటలో గెలలు కోస్తాను, ఏడో రోజు వాక్యం చెబుతాను. నన్ను ఏ సంఘమూ పాస్టరుగా నియమించలేదు, ఏ బైబిలు కాలేజీ గడపా నేను తొక్కలేదు. అయినా ఈ ఊళ్లో నలభై కుటుంబాలు నా మాట మీద లేస్తాయి, నా మాట మీద కూర్చుంటాయి. ఆ బరువు మోస్తున్నవాడికే తెలుసు.

ఈ ఏడు మాకు ప్రార్థన స్థలం దొరికింది. అడవి అంచున పాత దొరగారి కొట్టం. దాని పెరట్లో రెండు పాతరలు ఉన్నాయి. ధాన్యం దాచే గుంటలు. మూతి ఒక మనిషి పట్టేంత, లోపల కుండ కడుపులా వెడల్పు, రెండు నిలువుల లోతు. విశ్వాసులు తెచ్చిన ప్రథమ ఫలాలు, అన్నీ జొన్నలే, ఒక పాతరలో పోసి బండ మూసి మట్టి మెత్తాం. రెండోది ఖాళీ. రెండింటికీ మధ్య మూరెడు మట్టి గోడ.

ఆ ఖాళీ పాతరను నేను ప్రార్థన గదిగా చేసుకున్నాను. నవ్వకు. యోసేపును అన్నలు గుంటలోకి తోశారు. యిర్మీయాను బురద గుంటలోకి దించారు. దానియేలుకు సింహాల గుంట, యోనాకు చేప కడుపు. దేవుడు ఒక మనిషితో తీరికగా మాట్లాడదలచుకుంటే ముందు వాణ్ణి గుంటలోకి దించుతాడు. గట్టు మీద ఉన్నంతసేపూ మనమే మాట్లాడతాం గదా.

మొదటి రోజే ఒక గొడవ. జంపయ్య అని డెబ్బై ఏళ్ల మనిషి, దొరగారి కాలంలో ఈ పాతరలు తీసింది అతనే. చిన్న గంపలో కోడిపిల్లను పెట్టి, గంపకు తాడు కట్టుకొని వచ్చాడు.

"ఏంది జంపయ్యా ఇది?"

"ముందుగాల దీన్ని దింపాలె అయ్యగారు. పాతర పీల్చుకుంటది. పిల్ల బతికొస్తే మనం దిగొచ్చు."

"గుంటకు బలి ఇస్తున్నవా?"

"బలో గిలో నాకు తెల్వది. మా నాయిన దింపిండు, నేను దింపిన."

బాప్తిస్మం తీసుకొని నాలుగేళ్లయినా గుంటకు మొక్కుతున్నావా అని మందలించాను. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ అతని చేతనే ఆ గంప కాల్పించాను. గంప కాలుతుంటే కోడిపిల్లను చంకలో పెట్టుకొని నిలబడ్డాడు.

తరవాత నేను దిగాను. జహూర్, ఆ లోపల ఏదో ఉంది. మోకరించి నుదురు నేలకు ఆనించగానే గుండె డప్పులా మోగింది. పరుగెత్తినవాడిలా ఊపిరి ఎగదన్నింది. నూనె దీపం కొడి తల వంచి సన్నగా అయిపోయింది. గాలి లేదు, అలికిడి లేదు. మట్టిబొమ్మగా ఉన్న మనిషి ముక్కులో దేవుడు జీవవాయువు ఊదిన ఘడియ ఎలా ఉండి ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

మా అమ్మాయి స్తుతికి నాలుగో నెల. ఇంతకు ముందు రెండుసార్లూ ఆరో నెలలోనే పోయింది. తల్లి లేని పిల్ల కాబట్టి అల్లుడు బెన్నీ ముందే తెచ్చి నా దగ్గర దిగబెట్టాడు. నీ దువా కూడా కావాలి.

నీ
జోయెల్


రొయ్య పిల్లల హేచరీ,
చీరాల దగ్గర, సముద్రపు ఒడ్డు.
24 జూన్ 2004

వాక్యం చెప్పే జోయెలయ్యగారికి రొయ్యలు మేపే జహూర్ సలాం.

రాయకుండా వచ్చింది నిజమే. రాస్తే నువ్వు నాలుగు పేజీల ప్రార్థన పంపుతావని భయపడ్డాను. చదవడానికి నాకు కళ్లజోడు లేదు.

స్తుతి సంగతి వినగానే సంతోషమైంది, దాని వెనకే భయమూ వేసింది. "జహూర్ మామా, నీ సంచిలో నన్ను కూడా కట్టు" అని చిన్నప్పుడు నా లుంగీ పట్టుకొని తిరిగిన పిల్ల. ఐదు పూటలా తలుచుకుంటున్నానని చెప్పు.

ఇక్కడ పని అదే, నీళ్లు ఉప్పగా మారాయి, అంతే. సంచిలో మూడో వంతు నీళ్లు పోసి పిల్లల్ని వదిలి, మిగతా చోటంతా ఆక్సిజన్ నింపి రబ్బరు వేస్తాం. మీదున్న గాలి నీళ్లలోకి దిగుతుంది, నీళ్లలోంచి పిల్లల ఒంట్లోకి దిగుతుంది. ఎవరూ ఊదక్కర లేదు, దానంతటదే. మొన్న ఒక లారీ దారిలో చెడిపోయి సగం రోజు ఎండలో ఆగింది. సంచులు తిరిగొచ్చాయి. ముట్టుకుంటే గాలి బిగువుగానే ఉంది, పిల్లలన్నీ మాత్రం అడుగున తెల్లగా పడి ఉన్నాయి. ఇంత గాలి ఉండగా ఎట్లా చచ్చాయని మా టెక్నీషియన్ రామన్నను అడిగాను. "పీల్చే గాలి చాలక కాదయ్యా, విడిచిన గాలి పోయే దారి లేక" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

నీ దీపం తల వంచిందని రాశావు. ఒక పని చెయ్యి. దీపాన్ని ఒకసారి నేల మీద పెట్టు, ఒకసారి గోడకు గూడు తవ్వి ఎత్తులో పెట్టు. ఎక్కడ ఆరుతుందో చూసి నాకు రాయి. ఇది మొక్కు కాదులే, బెదిరిపోకు.

జహూర్


రేగుళ్లపాడు.
9 జూలై 2004

జహూర్‌కు,

నువ్వడిగినట్టే చేశాను. నీ నోరు మూయించడానికే చేశాను. ఛాతీ ఎత్తున గూట్లో పెట్టిన దీపం వెలుగుతూనే ఉంది. నేల మీద పెట్టినది పది లెక్కపెట్టేలోపు ఆరిపోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. దీనికి అర్థం నీకు తట్టలేదేమో, నాకు తట్టింది. మోషే చెప్పులు విప్పింది నేల కోసం. పరిశుద్ధత అడుగున ఉంది. అక్కడ మనిషి వెలిగించిన వెలుగు నిలవదు.

నాలుగు రోజులుగా ముసురు. పెరడంతా బురద. వాన మొదలైనప్పటి నుంచి పాతరలో కొత్త సంగతి ఒకటి. నుదురు నేలకు ఆనిస్తే గోడ అవతలి నుంచి వెచ్చదనం వస్తోంది. చెయ్యి పెట్టి చూశాను, మనిషి వీపులా ఉంది. చెవి ఆనిస్తే ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు సన్నటి చప్పుడు. అవతల ఉన్నవి దేవుని జొన్నలు తప్ప మరేమీ కాదు.

పోయిన శనివారం లోపల ఒక పిల్లి కనబడింది. ఎలుక కోసం దూకి ఉంటుంది. చుట్టుకొని పడుకుంది. కాలితో కదిపితే తెలిసింది చచ్చిందని. ఒంటి మీద గాటు లేదు, నోట్లో నురగ లేదు. ఇంత వానాకాలంలో దాని మీద ఒక్క ఈగ కూడా వాలలేదు. అపవిత్రమైనది పరిశుద్ధ స్థలంలో నిలవదని మొన్నటి ఆరాధనలో చెప్పాను. జనం వణికారు. జంపయ్య ఒక్కడే బయట అరుగు మీద వెదురు చీలుస్తూ కూర్చున్నాడు.

ఇంకొక సంగతి. లోపల నన్ను పేరు పెట్టి పిలిచే గొంతు ఒకటి ఉంది. అది ఎవరిదో నీకు రాయను.

జారి మోకాలు కొట్టుకుపోయింది, అంతకు మించి ఆరోగ్యం బాగానే ఉంది. తలనొప్పి ఉంటుంది, అది ఉపవాసం వల్ల.

ఆగస్టులో స్తుతికి ఆరో నెల పడుతుంది. శుక్రవారం పదమూడున పొద్దున ఆమెను పాతరలోకి దింపి, జానెడు సందు వదిలి బండ కప్పుతాను. ఆదివారం పొద్దున తీస్తాను. యోనా ఉన్నట్టు మూడు దినాలు. ఈసారి ఆ బిడ్డను ఏ శక్తీ లాక్కోలేదు. స్తుతి ఒప్పుకుంది. బెన్నీకి ఇంకా చెప్పలేదు.

జోయెల్


హేచరీ.
19 జూలై 2004

జోయెలూ,

ఈ జాబులో నవ్వులాట లేదు. నిలబడి చదువుతున్నావేమో, కూర్చో.

నీ జాబు రామన్నకు చదివి వినిపించాను. దీపం దగ్గరే అతను చేతిలో పని ఆపేశాడు. పిల్లి దగ్గర "ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడా?" అని అడిగాడు.

అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. జొన్న గింజ చచ్చినది కాదు. విత్తితే మొలుస్తుంది గదా. అది గుంటలో కూడా ఊపిరి తీస్తుంది, మనలాగే మంచిగాలి పీల్చి చెడుగాలి వదులుతుంది. తడి తగిలిందంటే వేయి రెట్లు తీస్తుంది, వేడెక్కుతుంది. నువ్వు చెయ్యి పెట్టి చూసిన వీపు అదే. మీరు మీద బండ మూశారు, వాన మట్టిని బిగించింది. అది విడిచిన ఊపిరికి ఒకటే దారి, మూరెడు గోడ. మట్టిలో సందులు మనకు కనబడవు, గాలికి కనబడతాయి.

అత్తరు సీసా మూత తీసి గది మూలన పెడితే ఇంకో మూలకు వాసన ఎట్లా వస్తుంది? ఎవరూ మోయరు. ఎక్కువున్న కాడి నుంచి తక్కువున్న కాడికి తనంత తాను పోతుంది, రెండు చోట్లా సమానమయ్యేదాకా. అవతల పాతర నిండా విడిచిన ఊపిరి. నీ పాతర ఖాళీ. అది వస్తోంది. మంచిగాలి కంటే బరువు కాబట్టి అడుగున కూర్చుంటోంది. నువ్వు నుదురు పెట్టేది సరిగ్గా అక్కడే.

మన రొమ్ములోనూ అదే లెక్కట. లోపల సన్నటి తడి పొర ఉంటుంది. దానికి ఇటు రక్తం, అటు గాలి. రక్తంలోని చెడుగాలి బయటికి పోవాలంటే బయట దానికి చోటుండాలి. బయటా అదే నిండి ఉంటే పోదు. గుండె డప్పు కొట్టేది, తల పగిలేది, లేని గొంతులు వినబడేది అందుకే. కడుపులో బిడ్డకు ముక్కుతో పని లేదు. తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ నడుమ ఒక పల్చటి పొర, అందులోంచే దాని రాకపోకలన్నీ. తల్లికి విడిచే దారి మూసుకుంటే బిడ్డకు ముందే మూసుకుంటుంది. స్తుతికి తెలిసేలోపే అంతా అయిపోతుంది.

సముద్రం కూడా ఇట్లాగే పీలుస్తుందని రామన్న అంటాడు. అల విరిగిన చోటల్లా గాలి నీళ్లలోకి దిగుతుంది, నీళ్లు చల్లబడిన చోట ఇంకా ఎక్కువ. బరువెక్కిన చల్లటి నీళ్లు అడుక్కి పోతాయి. అక్కడి నీళ్లు పైకి రావడానికి వందల ఏళ్లు పడుతుందట. అంటే మన తాతల తాతలు విడిచిన ఊపిరి అడుగున ఇంకా ఉందన్నమాట. ఆ మాట విన్నాక నేను ఒడ్డున నిలబడలేకపోయాను. మా సాజిద్ అన్న గుర్తొచ్చాడు.

ఇరవై ఎనిమిదేళ్లుగా నీకు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. అన్న బావిలో దిగి చచ్చిపోయిన రోజు నువ్వు ఎర్రుపాలెంలో ఉన్నావు. నువ్వు వచ్చేసరికి అన్నను గట్టు మీద పడుకోబెట్టి ఉన్నాం. ముఖం మీద దెబ్బ లేదు, షైతాను పీల్చుకుందని అందరూ అన్నారు. అన్న దిగేముందు లాంతరు దింపాం. సగం దూరంలోనే ఆరిపోయింది. "గాలికి ఆరిందిలే" అన్నది నేనే. అన్న నా మాట నమ్మి దిగాడు. బావి అడుగున గాలి ఎక్కడిది జోయెలూ?

జంపయ్య కోడిపిల్ల బలి కాదు. అది త్రాసు. ఆ ముసలాయన కాళ్లు పట్టుకో.

జహూర్


రేగుళ్లపాడు.
30 జూలై 2004

జహూర్,

నీ జాబు చదివాను. రెండోసారి చదవలేదు.

నువ్వు చెప్పే లెక్క ప్రకారం ఆ గుంటలో ఎవరూ లేరు. పిలిచేవాడు లేడు, తీసుకుపోయేవాడు లేడు. ఎక్కువున్నది తక్కువున్న చోటికి పోతుంది, అంతే. సృష్టి మొదట నీళ్ల మీద అల్లాడినదాన్ని కూడా నీ రామన్న సంచిలో కట్టి రబ్బరు వేస్తాడేమో. మనిషి ముక్కులో ఊదినవాడు ఒకడున్నాడు. ఊదిన దాన్ని వెనక్కి పిలిచేవాడూ వాడే. నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నది ఇదే. ఇది అబద్ధమైతే నేను పాతిపెట్టిన వాళ్లందరికీ నేనేం జవాబు చెప్పాలి?

సాజిద్ అన్న గురించి రాశావు కాబట్టి నేనూ రాస్తాను. పాతరలో నాకు వినబడే గొంతు అన్నదే. ముఖం నేలకు ఆనగానే నా ఎడమ చెవి పక్క నుంచి అంటాడు. "జోయెలూ, ఈడ సల్లగున్నది. నువ్వు గూడ రా." కోపం లేదు, బాధ లేదు. చెట్టు నీడలో కూర్చొని పిలిచినట్టు. చనిపోయినవాడు హాయిగా ఉన్నానని చెబుతుంటే, అది చెడుగాలి అని నువ్వంటావు.

శుక్రవారం పదమూడు. మార్పు లేదు.

జోయెల్


హేచరీ.
5 ఆగస్టు 2004

జోయెలూ,

నీ జాబు ఇప్పుడే వచ్చింది. ట్యాంకు గట్టు మీదే కూర్చొని రాస్తున్నాను, అక్షరాలు చూసుకో.

అన్న బావిలో సగం దిగాక పైకి చూసి ఒక మాట అన్నాడు. "ఈడ సల్లగున్నది. నువ్వు గూడ రా." అప్పుడు గట్టు మీద నేనొక్కణ్ణే ఉన్నాను. నేనూ తాడు పట్టుకొని కాలు దింపాను. మోటారు మెకానిక్ లాల్‌సింగ్ అప్పుడే వచ్చి, జుట్టు పట్టి వెనక్కి లాగాడు. ఆ మాట మా అమ్మకు చెప్పలేదు, ఖుద్సియాకు చెప్పలేదు. నీకు ఎట్లా తెలుసు?

రామన్నను అడిగాను. "అది నాకు తెలియదు. గాలి సంగతి మాత్రం తెలుసు" అన్నాడు.

గొంతు నిజంగా అన్నదే అనుకో. అయినా విను. ఆ మాట అన్న తరవాత అన్న ఇరవై లెక్కపెట్టేంత సేపు కూడా బతకలేదు. అతనికి చల్లగానే ఉండి ఉంటుంది. చల్లగా ఉందని నమ్మే చచ్చిపోయాడు. నా అన్న మంచివాడే, కానీ ఆ మాట తప్పు. ఆ మాట విని దిగొద్దు. స్తుతిని దింపొద్దు.

అశ్వారావుపేట ఫోను బూత్‌కు రెండుసార్లు చేశాను, వానకు లైను పోయిందట. ఇదే జాబు స్తుతి పేరు మీద కూడా పంపుతున్నాను. కొత్తవాడికి ట్యాంకులు అప్పజెప్పి బయల్దేరతాను. శుక్రవారం లోపు చేరతాను, ఇన్షా అల్లా.

జహూర్


రేగుళ్లపాడు.
29 ఆగస్టు 2004

జహూర్‌కు,

నువ్వు శనివారం మధ్యాహ్నం మోకాలి దాకా బురదతో వచ్చావు. సత్తుపల్లి దగ్గర వాగు పొంగి ఒకటిన్నర రోజు ఆగిపోయానన్నావు. స్తుతి అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే చూసి, అక్కడే చెప్పులు వదిలి ఆమె పక్కన కూర్చున్నావు. రెండు రోజులున్నావు. ఏం జరిగిందని అడగలేదు. నేను చెప్పలేదు. నలభై కుటుంబాలకు చెప్పే నోరు నీ ఒక్కడి ముందు రాలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక అబద్ధం సంగతి. జూలైలో జారి మోకాలు కొట్టుకుపోయిందని రాశాను. జారలేదు. ప్రార్థనలో పడిపోయాను. తాడుకు కొక్కెం కట్టి నా చొక్కా కాలరుకు తగిలించి పైకి లాగింది జంపయ్య. కళ్లు తెరిచేసరికి వాన నా నోట్లో పడుతోంది. "పాతర పీల్చుకున్నది అయ్యగారు, మళ్ల దిగకుండ్రి" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించాను. ఆ ఒట్టు అతను తప్పలేదు.

శుక్రవారం పొద్దున అందరూ వచ్చారు. స్తుతి తలస్నానం చేసి తెల్లచీర కట్టుకుంది. చాప, నీళ్ల బిందె, నా పాత గ్రంథం పక్కన పెట్టాం. పాతర మూతి దగ్గర జంపయ్య కూర్చొని ఉన్నాడు. ఒళ్లో కొత్త గంప, కొత్త తాడు. ఆ నెలంతా అతను వెదురు చీల్చింది దేనికో అప్పుడు తెలిసింది.

"లే జంపయ్యా" అన్నాను.

"లేవను అయ్యగారు."

"నిన్ను సంఘంలోంచి వెలివేస్త."

"వెలెయ్యుండ్రి. బయట కూసోని వాక్యం వింట. గాలికి వినబడ్తది గదా." ఎవరో ఆడమనిషి నవ్వు ఆపుకుంది. జంపయ్య నవ్వలేదు. "ఏదో ఒక పిల్లను ముందుగాల దింపాలె గదా అయ్యగారు. గంపల పిల్లనా, అమ్మాయి కడుపుల పిల్లనా? మీరే చెప్పుండ్రి, నేను జరుగుత."

అబ్రాహాము కొడుకును బలిపీఠం మీద పెట్టిన సంగతి నా నాలుక చివరనే ఉంది. కత్తి ఎత్తిన చెయ్యిని దేవుడు ఆపాడని, పొదలో పొట్టేలును చూపించాడని చెప్పబోయాను. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు గంపలోంచి కోడిపిల్ల కీచుమంది. ఇరవై ఏళ్లుగా ఆ కథ చెబుతూ పొద ఎక్కడా, పొట్టేలు ఎక్కడా అని జనాన్ని అడిగినవాణ్ణి నేను. జూన్‌లో అది నా కాళ్ల దగ్గరికే వస్తే గంప కాల్పించాను.

తాడు నేనే పట్టుకున్నాను. గంప దిగుతుంటే అరుపు వినబడుతూనే ఉంది. లోపల నిలబడిన మనిషి మెడ ఎత్తు దాకా ఉంది, నడుము ఎత్తు దాకా ఉంది. అడుగు తగలకముందే ఆగిపోయింది. పైకి లాగాను. ఒళ్లు వెచ్చగానే ఉంది, మెడ వాలింది, ఒక్క ఈక చెదరలేదు. స్తుతి ముందుకొచ్చి దాన్ని గంపలోంచి తీసి రెండు చేతుల్లో పట్టుకుంది. నా వైపు చూడలేదు.

"నేను తప్పు చెప్పాను" అన్నాను.

ఆ సాయంత్రం జొన్నల పాతర మట్టి తీయించాను. బండ జరపగానే పులిసిన వాసన ముఖాన కొట్టింది. జంపయ్య అందరినీ పదడుగులు వెనక్కి తోసి, ఆ రాత్రంతా తెరిచే ఉంచమన్నాడు. మర్నాడు మరో పిల్లను దింపి, అది బతికొచ్చాకే మనుషుల్ని దింపాడు. జొన్నలు నల్లగా, గడ్డలు కట్టి, పొగలు కక్కుతున్నాయి. విశ్వాసులు దేవునికి ఇచ్చిన కానుక మూరెడు గోడ అవతల కూర్చొని రెండు నెలలు నన్ను మింగుతూ వచ్చింది. నేను దాన్ని సన్నిధి అన్నాను. ఇప్పుడు రెండు గుంటలూ మట్టితో పూడ్చాం.

పన్నెండు కుటుంబాలు రావడం మానేశాయి. అయ్యగారు కోడిపిల్లతో దేవుణ్ణి పరీక్షించాడని అంటున్నారు. ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఊదినవాడు ఊదాడు. మనం విడిచేదానికి చోటు ఉంచుకోవడం మన పని. మూతలు బిగించి ఆయన్ను అడగకూడదు. ఇది ఏ అధ్యాయంలో ఉందని ఒకరు అడిగారు. వెతుకుతున్నానని చెప్పాను.

సాజిద్ అన్న మాట సంగతి నాకూ తెలియదు. నువ్వు ఎవరికీ చెప్పలేదు, నేను ఎవరి దగ్గరా వినలేదు. తల మొద్దుబారిన మనిషికి గొంతులు వినబడతాయని నీ రామన్న అన్నాడు, ఒప్పుకుంటాను. తెలియని మాటలు ఎట్లా వినబడతాయి? పూడ్చిన చోట మట్టి రోజూ కొంచెం కుంగుతోంది. మీద తట్ట మట్టి పోయిస్తున్నాను. ఆ పక్కకు పోయినప్పుడు తల వంచను, నిటారుగా నడుస్తాను. మంచి మనిషి గొంతుతో వచ్చిన మాట చావు కావచ్చని ఇంతకాలం ఎవరికీ బోధించలేదు. అది బోధించడం నాకు చేతకావడం లేదు.

మొన్న గురువారం స్తుతి అత్తగారి ఊరు ఎర్రుపాలెం వెళ్లిపోయింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి గదా అని పొరుగువాళ్లు అడిగితే, ఖమ్మం దవాఖానా దగ్గరని చెప్పింది. బెన్నీ వచ్చాడు, నాతో మర్యాదగానే మాట్లాడాడు. సంచి బస్సులోకి నేనే ఎక్కించాను. బిడ్డ కదులుతోందా అని అడిగితే "అవ్, మంచిగ కదులుతున్నది" అంది. శుక్రవారం తరవాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాను.

"నాన్నా, ఒక్కటి అడుగుత. ఆ పిల్ల బతికి పైకొస్తే నన్ను దింపెటోడివా?"

గంప కిందికి పోయి పైకి రావడానికి పట్టేది కొద్ది క్షణాలు. అంతసేపు బతికిన పిల్ల మూడు దినాల సంగతి ఏం చెబుతుంది? గూట్లో దీపం వెలుగుతూనే ఉండేది. వాన ఈ ఏడు కొంచెం తక్కువ పడి, గాలి ఇంకొంచెం పల్చగా ఉండి, ఆ పిల్ల కీచుమంటూ పైకి వచ్చి ఉంటే, హల్లెలూయ అని కేక వేసి, నా చేతులతోనే బండ కప్పేవాణ్ణి. జంపయ్య కూడా జరిగేవాడు.

"దింపెటోణ్ణి బిడ్డా" అన్నాను.

స్తుతి తల ఊపింది. కిటికీ పక్క నుంచి లేచి, బెన్నీని అటు కూర్చోబెట్టి, తను లోపలి సీటులోకి జరిగింది.

కాన్పు కబురు జహూర్ మామకు పంపుతానని బెన్నీతో అందట. వచ్చిన రోజే నాకు రాయి.

జోయెల్